కారు ఇచ్చేశారు, ఆర్‌సీలో పేరు ఇంకా మీదే: హైదరాబాద్‌లో సొంతంగా కారు అమ్మేటప్పుడు వచ్చే కాగితాల చిక్కులు

కారు అమ్మకం అంటే చాలామందికి బేరం కుదరడంతోనే అయిపోయినట్టు. రేటు తెగింది, అకౌంట్‌లో డబ్బులు పడ్డాయి, రెండు తాళాలూ ఇచ్చేశారు, కొన్నాయన నిమ్మకాయలు తొక్కించి బండి తీసుకెళ్లిపోయాడు, ఇక మనకేం సంబంధం అనుకుంటారు. చట్టం అలా అనుకోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం యజమాని అంటే రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే. డబ్బులు ఎవరిచ్చారు, తాళం ఎవరి దగ్గరుంది, ఇప్పుడు ఎవరు నడుపుతున్నారు అన్నవి ఆ తర్వాతి సంగతులు.

దీని బరువు ఎంతో తెలియాలంటే 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు చూడాలి. అందులో కారు ఒకరి చేతి నుంచి ఇంకొకరికి, అక్కణ్నుంచి మరొకరికి వరసగా అమ్ముడుపోయింది, ఆర్‌సీలో మాత్రం మొదటాయన పేరే ఉండిపోయింది. 2009లో ఆ కారు రివర్స్‌లో వచ్చి గుద్దడంతో ఒకరు చనిపోయారు. నేను ఎప్పుడో అమ్మేశాను మహాప్రభో అన్నాడు ఆ మొదటాయన, అది అబద్ధం కూడా కాదు. అయినా సుప్రీంకోర్టు నష్టపరిహారం బాధ్యత ఆయన మీదే పెట్టింది. ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబం ఈ బండి ఎవరు ఎవరికి అమ్మారో ఆరా తీసుకుంటూ తిరగాల్సిన పని లేదు, రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాళ్లే జవాబుదారీ అని తేల్చింది. బాధితుల వైపు నుంచి చూస్తే ఇది న్యాయమైన తీర్పే, నాకందులో అనుమానం లేదు. కాకపోతే అమ్మినవాళ్లు ఈ విషయం తెలుసుకుని మసలుకోవాలి.

ప్రమాదం దాకా ఎందుకు, రోజువారీ తలనొప్పులే చాలు. కొన్నాయన సిగ్నల్ దాటితే చలాన్ మీ పేరు మీద వస్తుంది, మెసేజ్ మీ ఫోన్‌కి వస్తుంది. ఫాస్టాగ్ తీయకుండా బండి ఇచ్చేస్తే ఆయన ఔటర్ రింగ్ రోడ్ ఎక్కి దిగిన ప్రతిసారీ టోల్ మీ ఖాతాలోంచి కట్ అవుతుంది. ఇంకొకటి ఉంది, ఇది తెలంగాణలో ఉన్నవాళ్లకి బాగా తగులుతుంది, కానీ ముందుగా ఎవరూ చెప్పరు. ఇక్కడ ఒక మనిషి పేరు మీద ఇప్పటికే బండి ఉండి రెండోది కొంటే లైఫ్ ట్యాక్స్ 2 శాతం ఎక్కువ పడుతుంది. మీరు పాత కారు అమ్మేసి కొత్తది బుక్ చేశారనుకోండి, రిజిస్ట్రేషన్ టైమ్‌లో షోరూమ్ అబ్బాయి సిస్టమ్‌లో చూసి "సర్, మీ పేరు మీద ఇంకో బండి చూపిస్తోంది" అంటాడు. 12 లక్షల కారు మీద 2 శాతం అంటే 24,000 రూపాయలు. పాత బండి ఏడాది కింద అమ్మేశానండీ అని మీరు ఎంత చెప్పినా ఆ కౌంటర్ దగ్గర నడవదు, ఎందుకంటే రికార్డులో అది మీదే.

అసలు చిక్కు ఎక్కడ మొదలవుతుందంటే, పేరు మార్పించుకోవడం కొన్నవాడి పని అనుకోవడం దగ్గర. ఈ మాట నేను చదువుకున్నవాళ్ల నోట, ఏళ్లతరబడి ఇక్కడ బండ్లు నడుపుతున్నవాళ్ల నోట కూడా విన్నాను. ఇది సగమే నిజం. అదే చట్టంలో 50వ సెక్షన్ ఇద్దరికీ వేర్వేరుగా పని చెప్పింది. కొన్నాయన 30 రోజుల్లో ట్రాన్స్‌ఫర్ సంగతి రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. అమ్మినాయన అంతకంటే ముందే, అదే రాష్ట్రంలో రిజిస్టరైన బండి అయితే 14 రోజుల్లో, తనంతట తాను చెప్పాలి, ఆ కాపీ కొన్నాయనకి కూడా పంపాలి. వేరే రాష్ట్రపు బండి అయితే 45 రోజులు గడువు. అంటే అమ్మిన మనిషి కొన్నవాడి దయ మీద ఆధారపడి కూర్చోనక్కర్లేదు, "అన్నా ఎప్పుడు చేయిస్తావ్" అని వారం వారం ఫోన్లు చేయనక్కర్లేదు. తన రిపోర్ట్ తాను ఇచ్చుకోవచ్చు, ఇవ్వాలి కూడా. ఫారం 29 ఉన్నది అందుకే, బండి ఫలానా తేదీన ఫలానా మనిషికి అమ్మాను అని అమ్మినవాడు ఇచ్చే నోటీసు అది. ఫారం 30 పేరు మార్పు కోసం పెట్టే దరఖాస్తు, అందులో ఇద్దరి భాగాలూ ఉంటాయి. ఈ రెండు ఫారాలూ సరిగ్గా నింపి, నింపినవాటిని ఫోటో తీసి దగ్గర పెట్టుకుంటే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

ఇప్పుడు ఖాళీ ఫారాల సంగతి. ఖైరతాబాద్ ఆర్‌టీఏ ఆఫీసు చుట్టుపక్కల జిరాక్స్ షాపుల దగ్గర కాసేపు నిలబడితే మీకే కనిపిస్తుంది, కారు బానెట్ మీద ఫారాలు పరిచి పెన్సిల్‌తో ఇంటూ మార్కులు పెట్టి ఉంటాయి, "ఇక్కడ, ఇక్కడ, వెనకాల ఇంకొకటి, మిగతాది మేం చూసుకుంటాం" అని పెన్ను చేతిలో పెడతారు. కొన్నవారి పేరు ఖాళీ, అడ్రస్ ఖాళీ, తేదీ ఖాళీ. ఎందుకు ఖాళీగా అడుగుతారంటే, మధ్యవర్తి మీ దగ్గర కొని తన పేరు మీదకి మార్పించుకోడు, ఇంకో పార్టీ దొరికినప్పుడు నేరుగా ఆ పార్టీ పేరు రాస్తాడు, అలా ఒక ట్రాన్స్‌ఫర్ ఖర్చు మిగుల్చుకుంటాడు. ఆ పార్టీ దొరకడానికి పది రోజులు పట్టొచ్చు, ఆరు నెలలు పట్టొచ్చు, ఈలోగా బండి రోడ్డు మీద తిరుగుతూనే ఉంటుంది, పేరు మీది. పైగా తేదీ లేని సంతకం ఇచ్చారు కాబట్టి బండి ఏ రోజు మీ చేయి దాటిందో రుజువు చేయడం కూడా మీకు కష్టమవుతుంది. ఎంత నమ్మకస్తుడైనా, ఎంత తెలిసినవాడి తాలూకు అయినా, పేరు, అడ్రస్, తేదీ రాయకుండా సంతకం పెట్టకండి. రేటు ఒక ఐదువేలు తగ్గినా పర్వాలేదు, ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

డీలర్‌కి అమ్మేవాళ్లకి మాత్రం ఇప్పుడు మంచి దారి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో సెకండ్ హ్యాండ్ బండ్ల డీలర్లకి ఆథరైజేషన్ పద్ధతి వచ్చింది. ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఉన్న డీలర్‌కి బండి అప్పగిస్తున్నట్టు ఫారం 29సి ఆన్‌లైన్‌లో ఇస్తే, అక్కణ్నుంచి ఆ డీలర్‌నే యజమానిగా లెక్కిస్తారు, ఆ తర్వాత జరిగేదానికి బాధ్యత ఆయనది. కాబట్టి డీలర్ దగ్గరికి వెళ్తే రేటు కంటే ముందు అడగాల్సింది, మీకు ఆథరైజేషన్ ఉందా, 29సి పెడతారా అని. ఉంది అన్నవాళ్లు ఆ సర్టిఫికెట్ చూపించడానికి వెనకాడరు. లేకపోతే, షోరూమ్ ఎంత పెద్దదైనా, ఏసీ ఎంత చల్లగా ఉన్నా, మీ వరకు ఆయన మామూలు మధ్యవర్తే.

లోన్ మీద కొన్న కార్లలో ఇంకో మెలిక. ఈఎంఐలు అయిపోయాయి కదా, లోన్ క్లోజ్ అని మెసేజ్ కూడా వచ్చింది కదా అని చాలామంది ఊరుకుంటారు. బ్యాంకు పుస్తకాల్లో లోన్ తీరడం వేరు, ఆర్‌సీ మీద హైపోతికేషన్ (బండి బ్యాంకుకి తాకట్టులో ఉందన్న నమోదు, హెచ్‌పీ అనేదీ దీన్నే) పోవడం వేరు. అది దానంతట అదే పోదు. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం), బ్యాంకు ముద్ర, సంతకం ఉన్న ఫారం 35 తీసుకుని ఆర్‌టీఏలో హెచ్‌పీ క్యాన్సిల్ చేయించాలి. ఆ ఎన్‌ఓసీకి సాధారణంగా గడువు ఉంటుంది, చాలా బ్యాంకులవి మూడు నెలలే, ఇనప్పెట్టెలో పెట్టి నాలుగేళ్ల తర్వాత తీస్తే మళ్లీ బ్రాంచ్ చుట్టూ తిరగాల్సిందే. మన దగ్గర దీనికి తోడు బ్యాంకుల విలీనం ఒకటి. పాత ఆర్‌సీల మీద స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అనో ఆంధ్రా బ్యాంక్ అనో ఉంటుంది. మొదటిది 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది, రెండోది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. ఆర్‌సీ మీద ఉన్న పేరుతో బ్యాంకే లేదు కదా ఇప్పుడెలా అని కంగారు పడక్కర్లేదు, కలుపుకున్న బ్యాంకే ఎన్‌ఓసీ ఇస్తుంది. కాకపోతే పాత లోన్ ఖాతా నంబర్, పాత బ్రాంచ్ పేరు తీసుకుని వెళ్లండి, అవి లేకపోతే రికార్డు వెతకడానికి రోజులు పడతాయి. ఎన్‌ఓసీలో పాత పేరు, కొత్త పేరు రెండూ వచ్చేలా రాయించుకుంటే ఆర్‌టీఏలో ప్రశ్నలు తగ్గుతాయి.

లోన్ ఇంకా నడుస్తుండగానే అమ్మాల్సివస్తే కొన్నాయన డబ్బులో బాకీ మేరకు నేరుగా మీ లోన్ ఖాతాలోకే కట్టించండి. ఆయనకీ భరోసా, మీకూ భరోసా.

పేర్ల గొడవ మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఉంటుంది. ఆర్‌సీలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు చివరికి వెళ్లిపోతుంది, పెళ్లయిన ఆడవాళ్లవైతే ఒక కాగితంలో పుట్టింటి పేరు, ఇంకో కాగితంలో అత్తింటి పేరు. మనకి అన్నీ ఒకే మనిషి అని తెలుసు, కంప్యూటర్‌కి తెలియదు. సంతకాలదీ ఇదే కథ, పదిహేనేళ్ల కింద తెలుగులో పెట్టిన సంతకం ఇప్పుడు ఇంగ్లిష్‌లోకి మారి ఉంటుంది. బండికి కొనేవాళ్లని వెతకడం మొదలుపెట్టే ముందే ఆర్‌సీ, ఆధార్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. తేడా ఉంటే, రెండు పేర్లూ నావే అని నోటరీ అఫిడవిట్ ఒకటి సిద్ధం చేసి ఉంచుకోండి. అడ్రస్, ఫోన్ నంబర్ కూడా అప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే ఓటీపీ వెళ్లేది రికార్డులో ఉన్న నంబర్‌కి, అది మీరు ఎప్పుడో వదిలేసిన సిమ్ అయితే అక్కడే ఆగిపోతారు.

నంబర్ ప్లేట్ చూసి మోసపోయే సంగతి ఒకటి చెప్పాలి. హైదరాబాద్‌లో ఇప్పటికీ ఏపీ 09, ఏపీ 10, ఏపీ 28 బండ్లు తిరుగుతూనే ఉన్నాయి, అవి 2014 జూన్ 2కి ముందు ఇక్కడే రిజిస్టరైనవి. ఆ తర్వాత టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ అయ్యింది, పాత నంబర్లు మార్చుకోనక్కర్లేదు. విజయవాడ నుంచో గుంటూరు నుంచో ఎవరైనా వచ్చి ఇలాంటి కారు చూసి "నంబర్ ఏపీదే కదా, మాకు ఎన్‌ఓసీ అక్కర్లేదు" అంటారు. అక్కడే పొరపాటు. ప్లేట్ మీద ఏపీ అని ఉన్నా రికార్డు ఉన్నది తెలంగాణ ఆర్‌టీఏలో, కాబట్టి ఆంధ్రప్రదేశ్‌కి శాశ్వతంగా తీసుకెళ్తున్నారంటే వేరే రాష్ట్రానికి తీసుకెళ్లినట్టే. ఫారం 28తో తెలంగాణ ఆర్‌టీఏ దగ్గర ఎన్‌ఓసీకి పెట్టాలి (ఇది బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ కాదు), అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, పన్ను ఉంటాయి. ఎన్‌ఓసీకి ఛాసిస్ నంబర్ పెన్సిల్ ప్రింట్ కావాలి. నంబర్ చెక్కిన చోట తడి గుడ్డతో మట్టి తుడిచి, ఆరాక పల్చటి కాగితం అదిమిపట్టి, పెన్సిల్ పక్కకి వంచి మెల్లగా రుద్దితే అంకెలు తేలతాయి. తుప్పు పట్టి ఒక అంకె అయినా అలుక్కుపోతే తిప్పి పంపుతారు, అందుకని ఆఫీసుకి వెళ్లేముందు ఇంట్లోనే ఒకసారి తీసి చూసుకోవడం మేలు.

ఈ ఏపీ నంబర్ బండ్లన్నీ 2014కి ముందువి కావడంతో ఇంకో గడువు కూడా తరుముకొస్తుంది. సొంత వాడకం కారుకి ఆర్‌సీ 15 ఏళ్లే చెల్లుతుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. ఆ తేదీ ఆర్‌సీ మీదే ఉంటుంది, ఒక్క నిమిషం పని, చూసేవాళ్లు తక్కువ. గడువు దాటిన బండి ముందు రెన్యువల్ కాకుండా ట్రాన్స్‌ఫర్‌కి పోదు, ఆ ఖర్చు ఎవరిదన్నది బేరంలోనే తేల్చుకోవాలి. ఆర్‌సీ కార్డ్ పోయి ఉంటే పోలీసు ఫిర్యాదు, ఫారం 26తో డూప్లికేట్ తీసుకోవాలి. చలాన్లు కూడా బేరానికి ముందే కట్టేసి రసీదులు పెట్టుకోండి. 2022లో ఒకసారి, 2023 చివర్లో ఒకసారి తెలంగాణలో పెండింగ్ చలాన్ల మీద రాయితీ ఇచ్చారు, అప్పట్నుంచి మళ్లీ వస్తుందేమోనని ఆగేవాళ్లు ఎక్కువయ్యారు. బండి అమ్మేటప్పుడు మాత్రం ఆ ఆశ పెట్టుకోకండి.

ఇన్సూరెన్స్ దగ్గర రెండు విషయాలు. ఒకటి, నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. మీరు ఐదారేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపి 50 శాతం దాకా తెచ్చుకున్నారంటే దాన్ని కొన్నాయనకి వదిలేయకండి, కంపెనీ దగ్గర ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకి వాడుకోవచ్చు. రెండోది ఇంతకంటే ముఖ్యం. మిగిలిన నెలల ప్రీమియం వెనక్కి వస్తుందని బండి ఇచ్చిన మర్నాడే పాలసీ క్యాన్సిల్ చేయాలని చూస్తారు కొందరు. పేరు మారేదాకా ఆ పని అస్సలు చేయొద్దు. పైన చెప్పిన సుప్రీంకోర్టు తీర్పు గుర్తుందిగా, రిజిస్టర్‌లో మీ పేరుండగా ప్రమాదం జరిగి, ఇన్సూరెన్స్ కూడా లేకపోతే, ఆ పరిహారం మీ జేబులోంచే కట్టాల్సి రావచ్చు. పాలసీ బతికి ఉంటే థర్డ్ పార్టీ పరిహారానికి, అంటే బండి వల్ల దెబ్బతిన్న బయటివాళ్లకి ఇచ్చేదానికి, ఇన్సూరెన్స్ కంపెనీ ఉంటుంది. కొన్నాయన 14 రోజుల్లో పాలసీ తన పేరుకి మార్పించుకోవాలని చట్టమే చెబుతోంది, అది ఆయనకి గుర్తు చేయండి, ఎందుకంటే థర్డ్ పార్టీ కవర్ బండితో పాటు వెళ్తుంది గానీ సొంత డ్యామేజీ క్లెయిమ్‌కి పాలసీ తన పేరు మీద ఉండాలి.

బండి అప్పగించే రోజు డెలివరీ నోట్ తప్పనిసరి. తేదీ ఒక్కటే చాలదు, టైమ్ రాయండి. మధ్యాహ్నం మూడింటికి బండి ఇచ్చారు, సాయంత్రం ఆరింటికి ఎల్బీనగర్‌లో ఎవరినో గుద్దింది, అప్పుడు మూడుకీ ఆరుకీ మధ్య తేడాయే మీ మాటకి ఆధారం. ఓడోమీటర్ రీడింగ్, ఛాసిస్ నంబర్, తీసుకున్న డబ్బు, ఇచ్చిన తాళాలు, కాగితాలు, ఇద్దరి సంతకాలు, వీలైతే సాక్షి సంతకం, కొన్నాయన ఆధార్ కాపీ. ఇది ట్రాన్స్‌ఫర్‌కి బదులు కాదు, వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసి నోటరీ చేయించినా కాదు. ట్రాన్స్‌ఫర్ అయ్యేలోగా మీకున్న రుజువు మాత్రమే. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా పడొచ్చు, అది పడేది పుచ్చుకున్నవాళ్ల మీద, అంటే మీ మీద. ఆ సాయంత్రమే ఫాస్టాగ్ ఇచ్చిన బ్యాంకుకి చెప్పి దాన్ని క్లోజ్ చేయించి, అద్దం మీది స్టిక్కర్ పీకేయండి.

అమెరికాకో కెనడాకో వెళ్తూ చివరి వారంలో కారు అమ్మేవాళ్లు గచ్చిబౌలి, కొండాపూర్, మియాపూర్ వైపు ఎంతమందో. వీళ్ల గురించే నాకు ఎక్కువ బెంగ. ఫ్లైట్ గురువారం, బండి మంగళవారం ఇస్తారు, సంతకాలు చేసి వెళ్లిపోతారు, ఇక్కడి సిమ్ నెలకి ఆగిపోతుంది, ఆ తర్వాత ఓటీపీ రాదు, సంతకం తేడా వచ్చిందంటే మళ్లీ పెట్టడానికి మనిషి లేడు, చలాన్లు మాత్రం ఇంట్లో ఉన్న అమ్మానాన్నల తలకి చుట్టుకుంటాయి. కనీసం నెల ముందు అమ్మేయండి, కొన్ని రోజులు క్యాబ్‌లో తిరిగినా నష్టం లేదు. కుదరకపోతే స్లాట్ బుక్ చేసి మీరు ఉండగానే ట్రాన్స్‌ఫర్ పెట్టించండి, ఇండియా నంబర్‌ని రీచార్జ్ చేసి బతికించుకోండి.

కారు నాన్నగారి పేరు మీద ఉండి ఆయన పోతే, నేరుగా అమ్మడానికి వీల్లేదు. ముందు వారసుల్లో ఒకరి పేరుకి మారాలి, దానికి ఫారం 31, మరణ ధ్రువపత్రం, మీసేవ ద్వారా తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకారం కావాలి. మరణం సంగతి 30 రోజుల్లో తెలియజేయాలి, దరఖాస్తు మూడు నెలల్లో పెట్టాలి. 2021 నుంచి ఆర్‌సీలో నామినీ పేరు చేర్చుకునే వీలుంది, పెద్దవాళ్ల పేరు మీద బండ్లు ఉన్న ఇళ్లలో ఈ పని ఇప్పుడే చేసిపెట్టండి.

ఇప్పటికే ఎప్పుడో అమ్మేసి, కొన్నాయన ఫోన్ ఎత్తక, చలాన్లు మాత్రం వస్తున్నవాళ్ల సంగతేంటి? ముందు ఆన్‌లైన్‌లో బండి నంబర్ కొట్టి పేరు ఎవరిదుందో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో చూడండి. ఇన్సూరెన్స్ అయిపోయి ఉంటే అదే అన్నిటికంటే పెద్ద ప్రమాదం, వీలైతే కనీసం థర్డ్ పార్టీ పాలసీ మీరే కట్టేయడం నయం, డబ్బు దండగ అనిపించినా సరే. తర్వాత డెలివరీ నోట్, బ్యాంకు స్టేట్‌మెంట్, చాట్ మెసేజ్‌లు, ఏది దొరికితే అది జతచేసి, ఫలానా తేదీన అమ్మాను, కొన్నవారు పేరు మార్పించుకోలేదు అని మీ ఆర్‌టీఏకి రాతపూర్వకంగా ఇచ్చి అక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. అదే కాపీ కొన్నాయన అడ్రస్‌కి స్పీడ్ పోస్ట్‌లో పంపండి, కవర్ తిరిగొచ్చినా చింపకుండా అలాగే దాచండి. బండి ఎక్కడుందో తెలియకపోతే పోలీస్ స్టేషన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వండి. ఇవేవీ మీ పేరు తీసేయవు, కానీ రేపు ఎవరైనా అడిగితే మీరు ఊరుకోలేదని చూపించే కాగితాలు ఇవే. పేరు మారాక కొత్త ఆర్‌సీ కొన్నాయన ఇంటికి పోస్ట్‌లో వెళ్తుంది, మీకు కాదు, కాబట్టి కొత్త పేరు కనిపించే ఆన్‌లైన్ పేజీని తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి, డెలివరీ నోట్‌తో పాటు భద్రంగా పెట్టుకోండి.